సూరత్‌లో చెడగొట్టు వాన

2023 నవంబరు 26 ఆదివారం. తెల్లవారితే కార్తీక పౌర్ణమి. సూరత్‌లో గొడుగులు అటకెక్కి చాలా రోజులైంది. పెళ్లి పందిళ్లు, కోసి పరిచిన వరి పనలు, మార్కెట్ యార్డుల్లో ఆరుబయట పోసిన పంట, అన్నీ ఆకాశాన్ని నమ్ముకుని ఉన్నాయి. ఆ ఒక్కరోజు గుజరాత్‌లోని అప్పటి 252 తాలూకాల్లో 234 చోట్ల వాన పడింది. సూరత్, తాపీ, భరూచ్, ఖేడా, సురేంద్రనగర్, అమ్రేలీ జిల్లాల్లో 16 గంటల వ్యవధిలో 50 నుంచి 117 మిల్లీమీటర్ల దాకా కురిసింది. రాజ్‌కోట్, మోర్బీల వైపు వడగళ్లు పడ్డాయి. పిడుగుపాట్లకు రాష్ట్రంలో 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

ఇలాంటి వానకు గుజరాతీలో ప్రత్యేకంగా ఒక మాట ఉంది: మావఠుం. మాఘమాసంలో పడే వానకు ఉత్తరాదిలో ఉన్న ‘మహావట్’, రాజస్థాన్‌లోని ‘మావఠ్’ అనే మాటలకు ఇది తోబుట్టువు. సూరత్‌లోని లింబాయత్‌లో, ఉధనాలో, పర్వత్ పాటియాలో తరాలుగా ఉంటున్న తెలుగువాళ్లకు ఈ మాటకు అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ పల్లెల్లో దీన్నే చెడగొట్టు వాన అంటారు. చేతికొచ్చినదాన్ని చెడగొట్టి పోయే వాన.

చిత్రమేమిటంటే, ఇదే వాన రాజస్థాన్ దాటి పంజాబ్, హర్యానా పోతే వరం. అక్కడ డిసెంబరు, జనవరి నెలల్లో గోధుమ పైరు పిలక దశలో ఉంటుంది. ఒక తడి ఖర్చు మిగులుతుంది, చలి పైరుకు మేలు చేస్తుంది. ఆ చినుకుల్ని అక్కడివాళ్లు బంగారంతో పోల్చుకుంటారు. దక్షిణానికి దిగి గుజరాత్‌కు వచ్చేసరికి ఆ మబ్బే జీలకర్రకు తెగులు, పత్తికి మచ్చ, మామిడి పూతకు మసి తెస్తుంది. కాబట్టి సూరత్‌లో శీతాకాలపు వాతావరణ సూచన చదివేటప్పుడు ఎంత వాన అన్నదానికంటే, ఆ రోజున ఆరుబయట ఏమేమి ఉన్నాయన్నదే పెద్ద ప్రశ్న.

ఈ మబ్బు పుట్టిల్లు చాలా దూరం. మధ్యధరా సముద్రం, కాస్పియన్ సముద్రం ప్రాంతాల్లో పుట్టే గాలి సుడులు ఇరాన్, అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ల మీదుగా తూర్పుకు ప్రయాణిస్తాయి. నేలకు సుమారు 12 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జోరుగా ప్రవహించే జెట్ స్ట్రీమ్ అనే గాలి నది వీటిని మోసుకొస్తుంది. వీటినే వాతావరణ శాఖ ‘పశ్చిమ అలజడులు’ అంటుంది. చలికాలంలో నెలకు నాలుగు నుంచి ఆరు దాకా వస్తుంటాయి. చాలావరకు కశ్మీర్, హిమాచల్ కొండలకు మంచు కురిపించి వెళ్లిపోతాయి. గుజరాత్ వాటిని పట్టించుకోనక్కరలేదు.

కొన్ని మాత్రం అలా పోవు. పై గాలుల్లోని ద్రోణి బాగా దక్షిణానికి వంగినప్పుడు, దాని ప్రభావంతో రాజస్థాన్ మీద కింది పొరల్లో ఒక ఉపరితల ఆవర్తనం ఏర్పడుతుంది. అది అరేబియా సముద్రం మీది తేమను లోపలికి లాగుతుంది. కింద వెచ్చని తేమ గాలి, పైన ఎముకలు కొరికే చల్లగాలి. ఈ రెండూ ఒకదాని మీద ఒకటి చేరినప్పుడు మేఘం నిటారుగా లేస్తుంది, మెరుపులు పుడతాయి, వడగళ్లు కడతాయి. జూలైలో సూరత్ మీద రోజుల తరబడి ముసురు పట్టే మబ్బుకూ దీనికీ పోలిక లేదు. ఇది గంటల్లో వచ్చి గంటల్లో పోతుంది, పోతూపోతూ పిడుగు వేస్తుంది. 2023 నాటి మరణాలు వరదలో కాదు, మెరుపుల కింద జరిగాయన్నది అందుకే గుర్తుంచుకోవాలి. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ (ఐఐటీఎం) తయారుచేసిన ‘దామిని’ యాప్ ఫోన్ ఉన్నచోటికి పిడుగు ముప్పు ఎంత దగ్గరలో ఉందో ముందే చెబుతుంది. ఇది వానాకాలపు యాప్ మాత్రమే అనుకుని అక్టోబరులో తీసేయడం పొరపాటు.

ఇక ఉష్ణోగ్రత సంగతి. శీతాకాలపు సూచనలో చదువరులను ఎక్కువగా తికమకపెట్టే వాక్యం ఒకటుంది: ‘రానున్న 24 గంటల్లో కనిష్ఠ ఉష్ణోగ్రతల్లో చెప్పుకోదగ్గ మార్పు ఉండదు, ఆ తర్వాత 2 నుంచి 3 డిగ్రీలు తగ్గుతాయి.’ వాన పడుతుంటే చలి పెరగాలి కదా, మార్పు లేదంటారేమిటని అనుకుంటాం. అసలు వరుస ఇలా ఉంటుంది. అలజడి దగ్గరికి వస్తున్నప్పుడు గాలి దక్షిణం వైపు నుంచి తిరుగుతుంది, మబ్బు కమ్ముతుంది. మబ్బు రాత్రిపూట దుప్పటిలా పనిచేస్తుంది. పగలు నేల దాచుకున్న వేడిని పైకి పోనివ్వదు. అందువల్ల తెల్లవారుజాము ఉష్ణోగ్రత తగ్గదు సరికదా, ఒకటి రెండు డిగ్రీలు పెరుగుతుంది కూడా. వాన పడే రోజున తగ్గేది పగటి ఉష్ణోగ్రత. ఎండ ఉండదు, తడి నేల మీద మిగిలిన వేడి కాస్తా ఆవిరికి ఖర్చయిపోతుంది. మధ్యాహ్నం పూట స్వెటర్ వేసుకోవలసి వచ్చేది అప్పుడే.

అసలు చలి మూడోరోజున వస్తుంది. అలజడి తూర్పుకు దాటిపోతుంది, ఆకాశం కడిగిన అద్దంలా తేటపడుతుంది, గాలి ఉత్తరానికి మళ్లుతుంది. హిమాలయాల్లో కొత్తగా పడిన మంచు మీదుగా, రాజస్థాన్ ఎడారి మీదుగా వచ్చే పొడి గాలి అది. మబ్బు దుప్పటి తీసేశారు, పైనుంచి చల్లగాలి వీస్తోంది. రాత్రి తెల్లారేలోపు ఉష్ణోగ్రత జారిపోతుంది. వాన వెలిసిందని పసిపిల్లల టోపీలు తీసేసే ఇల్లాలు, వృద్ధులు ఉన్న ఇల్లు, ఆ మూడోరోజు మాటనే ముందుగా చూసుకోవాలి.

సూరత్‌కు సముద్రం దగ్గర. తాపీ నది ఊరి మధ్యగా పారి కొద్ది దూరంలోనే హజీరా, డుమస్‌ల వద్ద అరేబియాలో కలుస్తుంది. సముద్రపు గాలి వల్ల ఇక్కడ జనవరి తెల్లవారుజాము సగటున 15 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. పగలు 30 డిగ్రీలు. అదే కచ్ జిల్లాలోని నలియా చలికాలంలో తరచూ 10 డిగ్రీల కిందికి దిగి, రాష్ట్రంలో అతి చల్లని ఊరుగా రోజూ పత్రికల్లో కనిపిస్తుంది. ఈ తేడా ఉంది కాబట్టే శీతగాలి ప్రకటనకు రెండు కొలతలు పెట్టారు. మైదాన ప్రాంతంలో కనిష్ఠం 10 డిగ్రీలకు, అంతకంటే కిందికి చేరి, మామూలు కంటే కనీసం నాలుగున్నర డిగ్రీలు తక్కువ ఉంటే శీతగాలి అంటారు. తీర ప్రాంతంలోనైతే 15 డిగ్రీలు, అంతకంటే తక్కువ ఉండి అదే నాలుగున్నర డిగ్రీల తేడా వచ్చినా చాలు. ఆదిలాబాద్ చలిలో పెరిగినవాళ్లకు 11 డిగ్రీలు పెద్ద లెక్క కాదనిపిస్తుంది. కానీ ఒళ్లు అలవాటుపడేది తాను ఉన్న ఊరి గాలికి. తీరంలో ఆ గాలిలో తేమ కూడా కలుస్తుంది.

పైగా ఇల్లు కూడా చూడాలి. సూరత్‌లో మర మగ్గాల మీద పనిచేసే కార్మికులు ఎందరో పన్నెండు గంటల షిఫ్టులో ఉంటారు. మగ్గాల షెడ్డు లోపల యంత్రాల వేడి, చెవులు దిబ్బడ వేసే మోత, చెమట. రాత్రి షిఫ్టు ముగించుకుని పొద్దున్నే బయటికొచ్చేసరికి ఎదురయ్యేది ఉత్తరపు గాలి. ఆ చెమట ఒంటితోనే సైకిలెక్కి లింబాయత్ గల్లీలకు వస్తే, అక్కడ ఒకే గదిలో నలుగురైదుగురు, నెత్తిన రేకుల కప్పు. రేకు పగలు ఎంత త్వరగా కాలుతుందో రాత్రి అంత త్వరగా చల్లారుతుంది. వాతావరణ కేంద్రంలో నీడన పెట్టిన ఉష్ణమాపకం చూపే అంకె, ఆ రేకుల గదిలో పడుకున్నవాడికి తగిలే చలి ఒకటి కావు.

సూచనలోని మాటలకు లెక్కలున్నాయి, అవి తెలిస్తే భయమూ తగ్గుతుంది, నిర్లక్ష్యమూ తగ్గుతుంది. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితేనే ‘భారీ వర్షం’. 115.6 నుంచి ‘అతి భారీ’. 204.4 దాటితే ‘అత్యంత భారీ’. ‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా అని. ‘కొన్ని చోట్ల’ అంటే సగం దాకా, ‘చాలా చోట్ల’ అంటే ముప్పావు దాకా. రేడియోలో ఈ మాటలు విని అవన్నీ ఒకటేననుకుంటాం, కాని ఒక్కొక్కటీ ఒక్కో కొలపాత్ర. రంగులదీ అంతే. పసుపు అంటే కనిపెట్టుకుని ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే కదలమని.

మరో మాట కూడా జాగ్రత్తగా చదవాలి: ‘సాధారణం కంటే 500 శాతం అధిక వర్షం’. సూరత్‌లో ఏడాదికి దాదాపు 1,200 మిల్లీమీటర్లు పడితే, అందులో పదింట తొమ్మిది పాళ్లకు పైగా జూన్ నుంచి సెప్టెంబరులోపే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మూడు నెలలకూ కలిపి సాధారణం కొద్ది మిల్లీమీటర్లే. సాధారణం 2 మిల్లీమీటర్లు ఉన్నచోట ఒక్క 12 మిల్లీమీటర్ల జల్లు పడితే 500 శాతం అధికమైపోతుంది. నేల కూడా పూర్తిగా తడవదు. శాతం చూసి హడలిపోవడం కంటే మిల్లీమీటర్లు చూడటం మేలు. అయితే ఆ 12 మిల్లీమీటర్లే పూత మీదున్న మామిడిని, కళ్లంలో ఉన్న ధాన్యాన్ని పాడుచేయడానికి చాలునన్నది దీనికి రెండో వైపు.

మూడు నెలల శీతాకాలానికి కలిపి వాతావరణ శాఖ డిసెంబరు మొదట్లో ఒక దీర్ఘకాలిక అంచనా ఇస్తుంది. అందులో తేదీలుండవు. రాత్రి ఉష్ణోగ్రతలు మామూలు కంటే ఎక్కువగా ఉండే అవకాశం ఎంత, తక్కువగా ఉండే అవకాశం ఎంత, శీతగాలి రోజులు పెరుగుతాయా అన్నదే దాని పరిధి. పసిఫిక్ సముద్రంలో ఎల్‌నినో ఉందా, లానినా ఉందా అన్నది అందులో ఒక లెక్క. ఆ తర్వాత ప్రతి గురువారం నాలుగు వారాల అంచనా వస్తుంది. ఫలానా రోజు ఫలానా జిల్లాలో వాన అని నమ్మకంగా చెప్పగలిగేది మాత్రం చివరి నాలుగైదు రోజుల్లోనే. 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఇన్సాట్-3డీఎస్ లాంటి ఉపగ్రహాలు ఇరాన్ మీది మబ్బును చూడగలవు కాబట్టి ఆ గడువైనా దొరుకుతోంది. పెళ్లి ముహూర్తం పెట్టుకునేవాళ్లు దీర్ఘకాలిక అంచనా చూసి చేసేదేమీ లేదు. పంట కోసేవాళ్లకు ఆ చివరి నాలుగు రోజులు ప్రాణంతో సమానం.

నాలుగు రోజుల ముందు తెలిస్తే ఏమేమి కాపాడుకోవచ్చో సూరత్ చలికాలమే చెబుతుంది. ఈ ఊరి శీతాకాలపు రుచి పొంక్. తెలంగాణలో ఊచబియ్యం అంటామే, అదే. పాలు పోసుకున్న లేత జొన్న కంకుల్ని కుంపటి బూడిదలో కాల్చి, గుడ్డ సంచిలో వేసి కర్రతో కొట్టి గింజ రాలుస్తారు. నిమ్మ, మిరియాల సేవుతో కలిపి తింటారు, వడలు వేస్తారు. అడాజణ్ వైపు తాపీ ఒడ్డున పొంక్ బట్టీలు పొగలు కక్కుతుంటే సూరత్‌కు చలికాలం వచ్చినట్టు. ఊరు విడిచి వచ్చిన తెలుగు కుటుంబానికి ఆ పచ్చని గింజ నోట్లో వేసుకోగానే చేను గట్టు గుర్తుకు రాకుండా ఉండదు. ఆ కంకికి పొడి గాలి కావాలి. మావఠుం పడితే గింజ నల్లబడుతుంది, తీపి పోతుంది.

ఉత్తరాయణానికి గాలిపటాల దారం తయారీ ఇంకొకటి. రోడ్డు వారన గుంజలు పాతి, బారులు బారులుగా దారం కట్టి, రంగు, గాజుపొడి కలిపిన ముద్దను దారానికి పట్టించి ఆరబెడతారు. సూరతీ మాంజాకు గుజరాత్ అంతటా పేరు. ఒక జల్లు వస్తే రోజు పని మొత్తం నేలపాలు. మిల్లులకు వెళ్లే గ్రే గుడ్డ, అంటే ఇంకా రంగు వేయని ముడి గుడ్డ కూడా అంతే. మగ్గాల షెడ్ల నుంచి తానుల కొద్దీ టెంపోల మీద ప్రాసెసింగ్ మిల్లులకు, అక్కడి నుంచి రింగ్ రోడ్డు మార్కెట్లకు తిరుగుతూనే ఉంటుంది. వానాకాలంలో టార్పాలిన్ కట్టని బండి కనిపించదు. నవంబరు దాటాక కట్టిన బండి కనిపించదు.

ఓల్పాడ్ వరి, నవసారి, వల్సాడ్ మామిడి తోటలు, ఉత్తర గుజరాత్ జీలకర్ర సంగతి ఇంకా పెద్దది. దేశంలో పండే జీలకర్రలో దాదాపు అంతా గుజరాత్, రాజస్థాన్లదే, బేరం నడిచేది ఉంఝా మార్కెట్‌లో. 2023 మార్చిలో అకాల వర్షాలు పడ్డ ఏడాది క్వింటాలు ధర 50 వేల రూపాయలు దాటింది. ఉంఝా పేరు ఎన్నడూ వినని గుంటూరు, నిజామాబాద్ వంటిళ్లలో పోపు డబ్బా దగ్గర ఆ వాన తగిలింది.

అన్ని శీతాకాలపు వానలూ పడమటి గాలి తెచ్చినవే కావు. 2017 నవంబరు చివర శ్రీలంక, కన్యాకుమారి దగ్గర పుట్టిన ఓఖీ తుపాను కేరళ, తమిళనాడు జాలర్లను ఎందరినో పొట్టన పెట్టుకుని, లక్షద్వీప్ దాటి, గుజరాత్ వైపు మళ్లింది. డిసెంబరు 5న సూరత్ తీరం ఊపిరి బిగపట్టింది. అసెంబ్లీ ఎన్నికల ప్రచారం నడుస్తున్న రోజులవి, ఎన్నో సభలు రద్దయ్యాయి. ఉత్తర అరేబియాలో చల్లని నీళ్లు, అడ్డదిడ్డంగా వీచే పై గాలులు కలిసి తుపాను నడుం విరగ్గొట్టాయి. తీరానికి చేరేసరికి అది అల్పపీడనం స్థాయికి దిగిపోయింది. వాన పడింది, చలి పెరిగింది, పెనుప్రమాదం తప్పింది. కానీ ఆ చల్లని నీళ్ల కాపలా ఎల్లకాలం ఉంటుందని నమ్మలేం. 1982–2000తో పోలిస్తే 2001–2019 మధ్య అరేబియా సముద్రంలో తుపానుల సంఖ్య 52 శాతం పెరిగిందని ఐఐటీఎం శాస్త్రవేత్తలు 2021లో లెక్క తేల్చారు. సముద్రం వేడెక్కుతోంది.

2025 అక్టోబరు చివరి వారం సూరత్ తెలుగువాళ్లు మరిచిపోలేనిది. అరేబియాలో ఒక వాయుగుండం రోజుల తరబడి కదలక కూర్చుని గుజరాత్ మీద వాన కురిపించింది. కోతకొచ్చిన వరి, వేరుశనగ, పత్తి నీళ్లపాలయ్యాయి. నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం రైతులకు 10 వేల కోట్ల రూపాయల సాయం ప్రకటించవలసి వచ్చింది. సరిగ్గా అదే వారం, అక్టోబరు 28 రాత్రి, బంగాళాఖాతంలో పుట్టిన మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటి, మర్నాడు వరంగల్‌ను ముంచెత్తింది. ఇక్కడ చినుకు ఆగని ఊరు, అక్కడ అమ్మానాన్నలున్న వీధిలో నడుముల్లోతు నీళ్లు. ‘బిడ్డా, ఆడ గూడా వానట గదా, పైలం’ అని అక్కడి నుంచి, ‘ఇంట్లకు నీళ్లొచ్చినయా అమ్మా’ అని ఇక్కడి నుంచి. వరంగల్, సూరత్‌ల మీదుగా నడిచే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ దారిలో, రెండు ఊళ్లలోనూ ఒకే ఆందోళన.

ఆగస్టులోనైతే సూరత్‌కు ఒక కొండగుర్తు ఉంది. తాపీ మీది ఉకాయ్ డ్యామ్ నీటిమట్టం నిండు మట్టమైన 345 అడుగులకు ఎంత దూరంలో ఉందో ఆటో నడిపేవాళ్లు కూడా చెబుతారు. 2006 ఆగస్టులో తాపీ ఊరిని ముంచాక ఆ అంకె జనం నోట నిలిచిపోయింది. చలికాలపు వానకు అలాంటి అంకె లేదు. నగరపాలక సంస్థ బడుల్లో పిల్లలు ఏడు మాధ్యమాల్లో చదువుకుంటున్నారు, వాటిలో తెలుగు ఒకటి. హెచ్చరిక ఆ ఏడు భాషల్లోనూ గల్లీ చివరి మైకు దాకా వస్తే, రేకుల మీద వేసే ఒక టార్పాలిన్, మూడోరోజు కోసం బయటికి తీసే ఒక దుప్పటి, కోత ఆపమని పొలానికి చేసే ఒక ఫోను కచ్చితంగా పెరుగుతాయి. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు.

మబ్బు విడిచిన మూడోరోజు పొద్దున షిఫ్టు దిగి వచ్చేవాళ్లకు రోడ్డంతా ఆరి కనిపిస్తుంది. ఉత్తరపు గాలికి చెవులు జివ్వుమంటాయి. తాపీ ఒడ్డున తడిసిన బట్టీలో బూడిద ఎత్తిపోసి కొత్త నిప్పు రాజేస్తుంటారు. మాంజా గుంజలు మళ్లీ నిలబెడతారు. ఆ రోజు సూచనలో పొడి వాతావరణం అని ఉంటుంది. దాని కిందే, ఇరాన్ మీద మరో పశ్చిమ అలజడి ఉందనీ, అది వాయవ్య భారతం వైపు కదులుతోందనీ ఉంటుంది.